సొరచేప రెండవ రాక

లోకమును మెప్పించిన కథకు ఉత్తరభాగము కల్పించుట కత్తిమీది సాము. పూర్వభాగమును చవిచూచినవాడు రెండు కోరికలతో వచ్చి కూర్చుండును. మొదట కలిగిన అనుభవమే మరల కలుగవలెనని ఒకటి. చూచినదానినే మరల చూపరాదని రెండవది. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చుట అందఱికిని సాధ్యమగు పని కాదు.

ఒకరు విడిచినచోట మఱియొకరు అందుకొనుట తెలుగువారికి క్రొత్త విషయము కాదు. గోదావరి యొడ్డున రాజమహేంద్రవరమున నన్నయ ఆరంభించిన భారతము అరణ్యపర్వ మధ్యమున ఆగిపోయినది. తిక్కన విరాటపర్వమునుండి చేపట్టి తన త్రోవ తాను త్రొక్కెను. నాటకము చూచుచున్నట్లు పాత్రలచేత మాటలాడించెను. ఎఱ్ఱన మిగిలిన అరణ్యపర్వ శేషమును పూరించుచు, నన్నయ ధోరణితో మొదలిడి, తన పేరు చెప్పుకొనక రాజరాజనరేంద్రుని పేరనే దానిని నిలిపెను. పూర్వుని నడకలో నడచుట ఒక మార్గము. స్వంత నడక నడచుట మఱియొక మార్గము. అయితే ఆ భారతము అసంపూర్ణముగా నుండెను గనుక పూరణమునకు అవసరము కలిగినది. పూర్తిగా ముగిసిన కథను మరల తెఱచుటకు అవసరమేమున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు సొరచేపను గూర్చిన రెండు అమెరికా చలనచిత్రములు మంచి ఉదాహరణము.

మొదటిది 1975 జూన్ 20వ తేదీన విడుదలయిన 'జాస్'. ఆ మాటకు దవడలని అర్థము. పీటర్ బెంచ్లీ 1974లో ప్రకటించిన నవలకు అది చిత్రరూపము. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు నిండలేదు. 1977లో 'స్టార్ వార్స్' వచ్చువఱకు అంత ధనము గడించిన చిత్రము లోకమున వేఱొకటి లేకుండెను. మూడేండ్లు గడచినపిమ్మట, 1978 జూన్ 16వ తేదీన 'జాస్ 2' వచ్చినది. రెండింటను ద్వీపమొకటే, పోలీసు అధికారి యొకడే, సొరజాతియు నొకటే.

ఆమిటీ అనునది కల్పిత ద్వీపము. వేసవిలో సముద్రస్నానమునకు వచ్చు యాత్రికులే ఆ యూరికి జీవనాధారము. ఒక రాత్రి ఈదబోయిన యువతి సొరకు ఆహారమగును. పోలీసు అధికారియగు బ్రాడీ తీరమును మూయింపవలెనని తలచును. పండుగ దినములు సమీపించుచున్నవి, బేరములు చెడునని మేయరు వారించును. ఆ జాగులో ఒక బాలుడు బలియగును. తుదకు బ్రాడీయు, హూపర్ అను శాస్త్రజ్ఞుడును, క్వింట్ అను వృద్ధ వేటగాడును ఒక పడవ నెక్కి సొరను వెదకుచు పోవుదురు. క్వింట్ దానివాత పడును. బ్రాడీ దాని నోట జిక్కిన గాలి సిలిండరును తుపాకితో ప్రేల్చి దానిని రూపుమాపును. కథ ఇంతియే.

ఇంత చిన్న కథకు అంత బలము ఎట్లు వచ్చినది? ఒక కారణము విచిత్రమయినది. చిత్రనిర్మాణమునకై చేయించిన యంత్రపు సొర ఉప్పునీట దిగిన వెంటనే మొరాయింప సాగెను. 55 దినములలో ముగియవలసిన చిత్రీకరణము 159 దినములు పట్టెను. సొరను చూపుటకు వీలులేక దర్శకుడు దాని జాడలను చూపెను: నీటిపై తేలియాడు పసుపుపచ్చని పీపాలు, విఱిగి కొట్టుకొనిపోవు వంతెన చెక్క, జాన్ విలియమ్స్ కూర్చిన రెండే స్వరముల సంగీతము. గంటకు పైగా గడచినగాని సొర తలయెత్తి మనకు కనుపడదు. పులి కథ చెప్పు తాత పులిని వర్ణింపడు. పొదలో ఆకు కదలినదని చెప్పి ఆగును. మిగిలిన పని వినుచున్న పిల్లవాని మనస్సే చేసికొనును. స్పీల్‌బర్గ్ చేసినదియు నిదియే. ఆ చిత్రమునకు లభించిన మూడు ఆస్కారు బహుమానములలో సంగీతమునకొకటి, కూర్పునకొకటి, శబ్దమునకొకటి వచ్చుట ఈ దృష్టితో చూచిన మిక్కిలి సమంజసముగా తోచును. అవి మూడును కనబడని దానిని వినిపించి, ఊహింపజేయు విద్యలే కదా.

రెండవ కారణము ఇంకను లోతయినది. ఆ చిత్రమునకు ప్రాణము సొర కాదు, ఊరు. నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1882లో వ్రాసిన 'ప్రజాశత్రువు' అను నాటకమున, స్నానఘట్టముల నీరు విషమయినదని వైద్యుడొకడు కనిపెట్టును. ఆ మాట బయటపడినచో ఊరి రాబడి పోవునని మేయరగు ఆతని యన్నయే ఆతని నోరు మూయించును. సత్యజిత్ రాయ్ ఈ నాటకమునే బెంగాలీలో 'గణశత్రు' అను చిత్రముగా తీసెను. 'జాస్' పూర్వార్ధమంతయు ఈ కోవలోనిదే. అపాయమును ఎఱిగినవాడొకడు, వినుటకు ఇష్టపడనివారు వేయిమంది. ఉత్తరార్ధమున ముగ్గురు మనుష్యులు మిగులుదురు: ఒకడు చదువు, ఒకడు అనుభవము, ఒకడు కర్తవ్యము. రాత్రివేళ పడవలో కూర్చుండి వారు తమ ఒంటిమీది గాయపు మచ్చలు చూపుకొనుచుండగా, 1945లో మునిగిన ఇండియానాపోలిస్ యుద్ధనౌకనుండి తాను బయటపడిన కథను క్వింట్ చెప్పును. అప్పుడు తెఱమీద సొర లేదు. ఒక ముసలివాని మాట మాత్రమే యున్నది. అయినను చిత్రమంతటిలో ఒడలు జలదరింపజేయు ఘట్టమదియే.

ఇక రెండవ చిత్రము. దీనికి స్పీల్‌బర్గ్ దర్శకుడు కాడు. మొదట నియమింపబడిన జాన్ హాన్‌కాక్‌ను కొలది వారములకే తొలగించి, జానో స్వార్క్ అను దర్శకుని తెచ్చిరి. బ్రాడీ వేషమున రాయ్ షైడర్ మరల వచ్చెను. మేయరును, సంగీతమును మరల వచ్చినవి. క్వింట్ చనిపోయెను, హూపర్ దూరదేశమున నున్నాడు. ఆ ముగ్గురి స్థానమును పడవలపై విహరింపబోవు పడుచువారి గుంపు ఆక్రమించినది. ఇచ్చటనే మొదటి నష్టము. ముగ్గురిని మనము ఎఱుగుదుము; గుంపును ఎఱుగలేము. పేరు తెలియని వానికి వచ్చిన ఆపద అయ్యో అనిపించునుగాని హృదయమును పిండదు.

రెండవ నష్టము సొర త్వరగా కనుపడుట. ప్రేక్షకుడు దానిని చూచియున్నాడు గనుక దాచి ప్రయోజనము లేదని నిర్మాతలు తలచియుందురు. మొదటనే అగ్నిప్రమాదమున దాని మొగము కాలి, పెద్ద మచ్చ ఏర్పడును. అటుపిమ్మట అది నీటిపై వ్రాలిన హెలికాప్టరును సైతము పట్టి లాగును. ఆశ్చర్యము పెరిగినకొలది భయము తగ్గినది. మొదటిదానిలో సొర ప్రకృతి. రెండవదానిలో అది ప్రతినాయకుడు. మొగమున మచ్చ పెట్టి దుష్టుని గుర్తింపజేయుట మన పాత జానపద చిత్రములలోని యుక్తియే గాని సముద్రమునకు చెందిన భయము కాదు.

అయినను ఈ చిత్రమును త్రోసివేయరాదు. పూర్వచిత్రమున లేని ఒక గొప్ప ప్రశ్న దీనిలో నున్నది. నాలుగేండ్లలోపున ఊరు అంతయు మఱచినది. బ్రాడీ మాత్రము మఱవలేదు. మరల సొర వచ్చినదని ఆతడు గుర్తులనుబట్టి గ్రహించి చెప్పును, పెద్దలు నవ్వుదురు. ఒకనాడు తీరమున గోపురముపై కాపలా కాయుచు నీటిలో నల్లని నీడను చూచి, జనమును బయటికి తఱిమి, తుపాకి ప్రేల్చును. తీరా చూడగా అది చిన్నచేపల గుంపు. అందఱియెదుట ఆతడు పరిహాసపాత్రుడగును, ఉద్యోగమును పోవును. మొదటి చిత్రమున బ్రాడీకి ఆధారములు చాలకుండెను. ఇప్పుడు ఆతని గతవిజయమే ఆతనికి శత్రువయినది: ఒకమారు సొరను చూచినవానికి ప్రతి నీడయు సొరయే యని లోకుల వాదము. నిజము చెప్పినవాడు ఒక్కసారి పొరబడినచో, ఆతడు చెప్పిన వెనుకటి నిజములు కూడ చెల్లకపోవునా? ఇది 'జాస్ 2' వేసిన ప్రశ్న. ఇంత విలువయిన ప్రశ్న మొదటి చిత్రమునను లేదు.

గోదావరి సీమవారికి ఈ ప్రశ్న తెఱమీది ముచ్చట కాదు. మండపేటలో నిలుచున్నవానికి సముద్రము కనుపింపదు. వరిచేలు, బియ్యపు మిల్లులు కనుపించును. కాని ఆ చేలను తడుపు నీరు తుదకు చేరునది సముద్రమునకే, ఆ సముద్రమునుండి వచ్చు గాలివానకు ఆ చేలు లోబడినవే. గౌతమి సంగమమునొద్ద కోరంగి యను రేవుపట్టణముండెను. 1789 డిసెంబరులో ఉప్పెన దానిని ముంచివైచెను. ఊరు మరల లేచినది, ఓడలు మరల వచ్చినవి. 1839 నవంబరులో ఉప్పెన రెండవమారు వచ్చెను. పిదప ఆ రేవు పూర్వవైభవమును పొందలేదు. నాటివారిని నిందింపరాదు, ముందుగా చెప్పగల సాధనములు వారికి లేవు. మనకు కలవు. కాని సాధనములు కలిగినపిమ్మట వేఱొక చిక్కు వచ్చినది. తుపాను వచ్చుచున్నదని చెప్పుదురు. అది త్రోవ మార్చుకొని మఱియొక తీరమునకు పోవును. జనులు మూటలు విప్పుకొనుచు నవ్వుకొందురు. మఱుమారు చెప్పినప్పుడు ఆ నవ్వు అడ్డుపడును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమలో కొబ్బరితోటలను నేలగూల్చి, వేయిమందికి పైగా పొట్టనబెట్టుకొన్న తుపానును చూచినవారికి ఆ నవ్వు విలువ ఎంతయో తెలియును. చేపల గుంపును చూచి తుపాకి ప్రేల్చిన బ్రాడీ తప్పు చేసెనా? వేయి నీడలలో తొమ్మిదివందల తొంబదితొమ్మిది చేపల గుంపులే కావచ్చును. కావలివాని ధర్మము ఆ వేయవదానికొఱకు మేల్కొనియుండుట.

దురదృష్టవశమున 'జాస్ 2' తాను వేసిన ప్రశ్నకు తానే జవాబు చెప్పలేదు. బ్రాడీ ఉద్యోగము పోయినపిమ్మట కథ సముద్రముమీదికి పోయి, అచ్చటనే అరపులు కేకలతో సాగును. సాగరమున చిక్కిన కుమారులను రక్షించుటకై ఆతడు పోయి, నీటిలోని విద్యుత్తు తీగను సొరచేత కఱపించి దానిని చంపును. తండ్రి గెలిచెను, కాని కావలివానిని వెడలగొట్టిన సభవారు ఏమి తలచిరో మనకు చూపరు. పూర్వచిత్రమున ఊరి కథయు సముద్రపు కథయు ఒకే త్రాడు పేనినట్లున్నవి. ఇచ్చట ఒక పురి సగములో జాఱిపోయినది. 1983లోను 1987లోను వచ్చిన తరువాతి రెండు భాగములు ఇంకను దిగజాఱినవి. వానిని గూర్చి విస్తరింప పనిలేదు.

ఉత్తరభాగము వేఱొక మార్గమున నడచుటకు తెలుగు చిత్రములలోనే ఉదాహరణము కలదు. చందు మొండేటి దర్శకత్వమున 2014లో వచ్చిన 'కార్తికేయ'లో సొరకు బదులు పాము. మూతపడిన గుడి రహస్యమును గూర్చి ఆరా తీసినవారు పాముకాటుచే మరణించుచుందురు. ఆ చావుల వెనుక మనుష్యుల పన్నాగమున్నదని కథానాయకుడు కనుగొనును. 2022లో వచ్చిన 'కార్తికేయ 2' అదే పామును మరల తెచ్చి పడగ విప్పింపలేదు. అదే నాయకుని ద్వారకకు పంపి, శ్రీకృష్ణుని కడియమును వెదకింపజేసెను. మొదటిదాని బిగువు రెండవదానికి లేదనువారు కలరు, దాని విస్తృతి దీనికి లేదనువారును కలరు. ఏది యెట్లున్నను, భయమును రెట్టింపు చేయుటకంటె ప్రశ్నను మార్చుట మేలని గ్రహించిన చిత్రమది. ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారమును దానికి లభించెను.

సొర పక్షమున కూడ ఒకమాట చెప్పవలెను. లోకమంతటను రెచ్చగొట్టకయే సొరలు మనుష్యులను కఱచిన సందర్భములు ఏటికి నూఱు దాటుట అరుదు. మనుష్యులు చంపు సొరలో, కోట్ల లెక్కలో నుండును. మూల నవల వ్రాసిన బెంచ్లీయే తరువాతి కాలమున సొరజాతి సంరక్షణమునకై పాటుపడి, 2006లో మరణించువఱకు ఆ మాటనే చాటెను. ఆయన జీవితమునకు ఇదియే యోగ్యమయిన ఉత్తరభాగమనవచ్చును: పూర్వము తాను కల్పించిన భయమును ఆయన జ్ఞానముతో సరిదిద్దెను.

రెండు కృతులను పోల్చునప్పుడు ఏది మేలని అడిగి విద్యార్థులు ఊరకుందురు. అది సులభమయిన ప్రశ్న. ఇచ్చట మొదటిదే మేలని ఎవరయినను చెప్పుదురు. ఉపాధ్యాయులు వారిచేత అడిగింపవలసిన ప్రశ్న వేఱు: మొదటిదానికి తెలియని దేనిని రెండవది చూచినది? చూచినదానిని తుదవఱకు చూడగలిగినదా? ఈ కొలతతో చూచిన 'జాస్' పరిపూర్ణమయిన కృతి. 'జాస్ 2' మంచి ప్రశ్నను చేతబట్టి, సొరను చూడగానే దానిని నీట జాఱవిడిచిన కృతి. ఆ ప్రశ్న మాత్రము మునిగిపోలేదు. ఏటేట కార్తికమాసమున గాలి తిరిగినప్పుడు, తీరమున పెద్దయొకడు ఆకాశమును చూచి పడవలు పైకి లాగుడని చెప్పినప్పుడు, అది మరల తేలివచ్చుచునే యుండును. నిరుడు ఆతని మాట తప్పినదని నవ్వినవారు ఈయేడు పడవ లాగుదురా, లాగరా అన్నదే ఉత్తరభాగము.