మా అమ్మాయికి ఏమీ రాదండీ!

"ఏదో చారూ అన్నం తిని వెళ్దురుగాని రండి" అని పిలుస్తారు మా పటమటలో. తీరా వెళ్ళి కూర్చుంటే విస్తట్లో పులిహోర, గారెలు, గుత్తొంకాయ కూర, బొబ్బట్లూనూ! పైగా "ఏమీ చెయ్యలేదండీ" అని ఓ నొచ్చుకోలు. అది మర్యాదకన్న మాటేనని పిలిచినవాళ్ళకీ తెలుసు, వెళ్ళినవాళ్ళకీ తెలుసు.

ఇలాంటి మాటలు మనకు కొల్లలు. చదివింపులిస్తూ "చంద్రుడికో నూలుపోగు" అంటాం. నెలవంక కనబడగానే కట్టుబట్టలోంచి పోగు తీసి సమర్పించే ఆచారం మీద వచ్చిందది. చందా ఇస్తూ "ఏదో ఉడతాభక్తి" అంటాం, రాముడి వారధికి ఇసుక మోసిన ఉడతను తలుచుకుని. అయితే ఇక్కడో కిటుకుంది. ఆ మాట ఇచ్చినవాళ్ళే అనాలి. పుచ్చుకున్నవాళ్ళు "మీ ఉడతాభక్తి అందిందండీ" అని చూడండి, మళ్ళీ మీ గుమ్మం తొక్కితే ఒట్టు!

చైనావాళ్ళు ఈ విద్యలో మనకు అన్నగార్లు. ఎంత మేడ కట్టుకున్నా సొంతింటిని "చలి గుడిసె" అంటారు. పొగిడితే "ఎక్కడ, ఎక్కడ?" అంటారు. సభలో ముందుగా మాట్లాడేవారు "పచ్చరాయి వస్తుందని ఇటుక విసురుతున్నాను" అంటారు, తర్వాతివాళ్ళ మాటలే మణులన్నట్టు. కొడుకును పరాయివాళ్ళ దగ్గర "మా కుక్క కొడుకు" అనేవారు. మన దగ్గర అయితే రోళ్ళు పగిలిపోవూ! పాతకాలం మగవాళ్ళు భార్యను "చేతకాని ముళ్ళపుల్ల" అనేవారు. కొప్పులోకి ముళ్ళపుల్ల తప్ప మరో నగ లేని పేదరాలని. వినయం ఆయనది, తగ్గింది ఆవిడ.

మనమేం తక్కువ తిన్నామా? పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయికి ఏమీ రాదండీ, మీరే నేర్పుకోవాలి" అంటాం. లోపలి గదిలో పిల్ల వింటూనే ఉంటుంది. డిగ్రీ పాసై, ఇంటిల్లిపాదికీ వండి పెట్టే పిల్ల! అనేవాళ్ళకు అది మర్యాద. పదిచోట్ల విన్న పిల్లకు మాత్రం నిజమేమోననిపిస్తుంది. అత్తగారింట్లో ఓ రోజు పులుసులో ఉప్పెక్కువైతే "వాళ్ళమ్మే చెప్పిందిగా!" అని అదే మాట తిరిగొస్తుంది. ఉద్యోగానికి వెళ్ళినా అంతే. "కంప్యూటర్ వచ్చా?" అంటే "ఏదో కొంచెమండీ" అంటుంది. అవతల కూర్చున్నవాళ్ళు చుట్టాలు కారు కదా, కొంచెమే అని రాసుకుంటారు.

కూర బాగుందంటే "ఏదో లెండి" అనండి, కూరకేం బాధ లేదు. పిల్ల సంగతి అడిగితే మాత్రం వచ్చినవన్నీ చెప్పండి.

మగపిల్లాడి తల్లి కూడా "మావాడికి కాఫీ కలుపుకోవడం కూడా రాదండీ" అంటుంది. అదేమిటో, ఆ మాటలో వినయం ఎంత వెతికినా కనబడదు!