పావు అంగుళం పలక మీద సముద్రం

ఇంగ్లండ్‌కు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ తీరంలో ఒకప్పుడు దూరాన ఓడ కనబడితే చాలు, రేవుల్లోంచి సన్నటి పడవలు దూసుకెళ్లేవి. ఆ రాళ్ల సముద్రంలో ఓడకు దారి చూపే పైలట్‌ను ఎక్కించాలి. ముందు చేరిన పడవదే బేరం. వెనకబడ్డవాళ్లకు దక్కేది భుజాల నొప్పే. ఆ పోటీలోంచి పుట్టిన పడవే పైలట్ గిగ్: ఆరు తెడ్లు, ఆరుగురు మనుషులు, చుక్కాని దగ్గర ఒకరు.

సెయింట్ మాజ్ ఊళ్లో విలియం పీటర్స్ 1838లో కట్టిన ‘ట్రెఫ్రీ’ గిగ్ పొడవు 32 అడుగులు, వెడల్పు 4 అడుగుల 10 అంగుళాలు. పలకల మందమో, పావు అంగుళం! అంత పల్చటి చెక్క అలలకు ఎలా ఆగుతుంది? కిటుకంతా అమరికలో ఉంది. ఇంటి కప్పు మీది పెంకుల్లా ప్రతి పలకా కింది పలక అంచును కప్పుతూ కూర్చుంటుంది. ఆ అంచుల్ని రాగి మేకులతో బిగిస్తారు. అతుకు పడ్డచోటల్లా రెండు పలకల బలం కలుస్తుంది కాబట్టి బరువు పెరగకుండానే పడవకు బిగువు వస్తుంది. వాడేది ఎల్మ్ కలప. దాని పోగులు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి, మేకు దిగినా తేలిగ్గా చీలదు.

ఈ పల్చటి పడవ ఎంతకు తెగిస్తుందో 1907 డిసెంబరులో తెలిసింది. ఏడు తెరచాప స్తంభాల భారీ ఓడ ‘థామస్ డబ్ల్యూ. లాసన్’ కార్న్‌వాల్ తీరానికి ఆవలి సిల్లీ దీవుల దగ్గర తుపానులో మునిగింది. సెయింట్ ఆగ్నెస్ దీవి నుంచి, అప్పటికే 77 ఏళ్ల వయసున్న ‘స్లిప్పెన్’ గిగ్ గాలింపుకు బయల్దేరింది. ఓడలో ఉన్న పైలట్ కొడుకు కూడా ఆ గిగ్‌లో ఉన్నాడు. తండ్రి దొరకలేదు. రాళ్ల మీద చిక్కుకున్న కెప్టెన్‌ను మాత్రం కాపాడగలిగారు.

మోటార్లు వచ్చాక గిగ్‌లకు పైలట్లను చేర్చే పని పోయింది, పందెం మిగిలింది. 1990 నుంచి సిల్లీ దీవుల్లో ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. కొత్త గిగ్ ఏదైనా ట్రెఫ్రీ కొలతలకే కట్టాలి. కడుతుండగానే తనిఖీదారు వచ్చి కొలిచి చూస్తాడు. ఇంజనీరుకు ఇది చాదస్తంగా తోచవచ్చు. కానీ పడవలన్నీ ఒకటే అయినప్పుడే కదా, తెడ్డు వేసేవాళ్ల సత్తా తేలేది!

ఇంత పల్చటి పడవకు సేవ కూడా ఎక్కువే. అడుగున పరిచిన చెక్కల మీదే కాలు మోపాలి, పలక మీద మోపితే పగులుతుంది. ఎండలో ఆరితే పలకలు కుంచించుకుని సందులు పడతాయి. నీళ్లలో దించాక కాసేపు కారినా, చెక్క ఉబ్బి వాటిని తనే మూసుకుంటుంది. చిత్రమేమిటంటే దీనికి సముద్రం కంటే వాన ఎక్కువ చేటు. ఉప్పు కలపను కుళ్లనివ్వదు, నిలిచిన వాననీరు కుళ్లబెడుతుంది. అందుకే కప్పే గుడ్డ వానను ఆపాలి, గాలిని ఆపకూడదు.

పందెంలో పడవ అంచును కాపాడే ఉపాయమూ ఉంది: తెడ్డు ఆనే రెండు కొయ్య గూటాల్లో ఒకటి గట్టిది, ఇంకొకటి కావాలనే మెత్తనిది. పక్క పడవ తెడ్డు తగిలినప్పుడు ఆ మెత్తటి గూటం పుటుక్కున విరుగుతుంది, పడవ అంచు దక్కుతుంది. జట్టు చేతిలో విడి గూటాలు సిద్ధంగా ఉంటాయి.