చిందుల ఎల్లమ్మ

మా మంచిర్యాలకు ఎగువన, ఇదే గోదావరి ఒడ్డున, బాసర యున్నది. సరస్వతీ క్షేత్రమైన ఆ గ్రామమున 1914 ప్రాంతమున ఒక చిందు కుటుంబములో ఆడుబిడ్డ జన్మించినది. పెట్టిన పేరు సరస్వతి. లోకము పిలిచిన పేరు చిందుల ఎల్లమ్మ. ఆమెను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

చిందువారు మాదిగ కులమును ఆశ్రయించిన కళావంతులు. ఏటేట తమకు హక్కు గల గ్రామములకు పోయి, జాంబ పురాణము వినిపించి, యక్షగానములాడి, ఇంటింట కానుకలు పొందుట వారి వృత్తి. మేళమనగా కుటుంబమే. ఒకరు మద్దెల వాయింతురు, ఒకరు తాళము పట్టుదురు, పిల్లలు చూచి నేర్తురు. తేలిక కర్రతో చేసిన కిరీటములు, భుజకీర్తులు, కాలి గజ్జెలు, ఇవియే వారి ఆస్తి.

ఎల్లమ్మ నాలుగేండ్ల ప్రాయముననే బాలకృష్ణుని వేషము కట్టినదందురు. ఇచట ఒక విశేషము గమనింపుడు. కూచిపూడి మేళములందు పూర్వము స్త్రీ వేషములను సైతము పురుషులే ధరించెడివారు. చిందు మేళములలోనైతే ఆడువారు తరతరములుగా ఆడుచున్నారు. స్త్రీలు రంగస్థలమెక్కవచ్చునా యని చదువుకొన్నవారు తర్కించుకొను దినములలో, ఈ నిరుపేద కుటుంబములకు ఆ సందేహమే లేదు.

రేణుక ఎల్లమ్మ వేషము చిందువారికి వట్టి నాటకము కాదు, కొలువు. వేషము కట్టిన మనిషికి ప్రజలు దేవతకువలెనే మొక్కుదురు. ఆ వేషము వలననే ఆమెకు ఆ పేరు స్థిరపడినదని చెప్పుదురు. కాని రాత్రి మొక్కిన ఊరే తెల్లవారిన పిదప ఆ కులమువారిని గడప యవతలనే నిలిపెడిది. కళను మెచ్చి కళాకారుని దూరముంచుట న్యాయమా యని నేనడుగుచున్నాను.

నిజామాబాదు జిల్లా అమ్దాపూరు ఆమె నివాసము. వార్ధక్యమున, 1999లో, హంస పురస్కారము లభించినది. 2005లో ఆమె కన్నుమూసినది. 2024లో చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి పద్మశ్రీ వచ్చినది. సంతోషమే. అయితే సినిమాయు, టెలివిజనును ఊరివారి రాత్రులను ఆక్రమించిన పిదప, గ్రామములిచ్చెడి కానుకలు తగ్గి, మేళములు కూలిపనులకు మరలినవి. పాట నోటిలోనే యుండు విద్య ఇది. పాడువారు పోయిన పాటయు పోవును. కావున మన యూరి జాతరకు ఒక చిందు మేళమును పిలిచి, తగిన సంభావన యిచ్చి, వారిని మన పంక్తిని కూర్చుండబెట్టి భోజనము పెట్టుదము. ఎల్లమ్మకు మనము తీర్పవలసిన ఋణమది.