ఉదర రక్షణకు ముందుచూపు

తెలుగునాట ఇద్దరు కలుసుకున్నప్పుడు తరచుగా వినిపించే పలకరింపు "భోజనం అయిందా?" అన్నది. ఆప్యాయతకు, ఆతిథ్యానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. అయితే తిన్న అన్నం సక్రమంగా జీర్ణమవుతున్నదా అని అడిగేవారు అరుదు. అన్నం నోట పెట్టుకోవడం వరకే మనిషి చేతిలోని పని. ఆపైన జరిగేదంతా కంటికి కనిపించని వ్యవహారం. అది సాఫీగా సాగినంతకాలం ఉదరం ఒకటున్నదన్న స్పృహే కలుగదు. నొప్పి పుట్టిననాడే అది జ్ఞాపకానికి వస్తుంది. కాని జీర్ణవ్యవస్థకు సంబంధించిన అనేక వ్యాధులలో నొప్పి ఆలస్యంగా వచ్చే వార్తాహరుడు. ఆ వార్త అందేనాటికి వ్యాధి ముదిరి ఉండవచ్చు. అందువల్ల ఉదర ఆరోగ్యానికి చికిత్స కన్నా ముందుచూపు ముఖ్యం.

జీర్ణవ్యవస్థ నోటితో మొదలై మలద్వారంతో ముగుస్తుంది. ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నప్రేగు, పెద్దప్రేగు ఇందులోని ప్రధాన భాగాలు. చిన్నప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు, పెద్దప్రేగు పొడవు సుమారు 1.5 మీటర్లు. కాలేయం, క్లోమం, పిత్తాశయం దీనికి అనుబంధంగా పనిచేసే అవయవాలు. దాదాపు 1.5 కిలోల బరువుండే కాలేయం శరీరం లోపలి అవయవాలలో అతి పెద్దది. దాని లోపలి కణజాలానికి నొప్పి తెలియదు. దానిని కప్పి ఉన్న పొర సాగినప్పుడే నొప్పి కలుగుతుంది. పైగా తనలో చాలా భాగం దెబ్బతిన్నా మిగిలిన భాగంతోనే అది పని నెట్టుకొస్తుంది. పెద్దప్రేగు లోపలి పొరపై పాలిప్‌లనే చిన్న బుడిపెలు మొలుస్తాయి. వాటిలో కొన్ని క్యాన్సరుగా మారడానికి సాధారణంగా పది సంవత్సరాలో, అంతకన్నా ఎక్కువ కాలమో పడుతుంది. ఆ కాలమంతా మనిషికి ఏ బాధా ఉండకపోవచ్చు. ఈ మౌనాన్ని ఆరోగ్యమని భ్రమించడమే ప్రమాదం. అదే మౌనం ఒక అవకాశం కూడా. వ్యాధి నెమ్మదిగా నడిచే దారిలో దానిని మధ్యలోనే నిలువరించడానికి వైద్యునికి వ్యవధి దొరుకుతుంది.

ఈ అవయవాల వ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుణ్ణి జీర్ణకోశ వ్యాధుల నిపుణుడు లేదా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు అంటారు. ఒకప్పుడు ఉదరంలో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవాలంటే చేతితో తడిమి చూడడం, రోగి చెప్పింది వినడం తప్ప మార్గం లేదు. 1868లో అడాల్ఫ్ కుస్మాల్ అనే జర్మన్ వైద్యుడు కత్తులు మింగే గారడీవాని సహాయంతో ఒక తిన్నని లోహపు గొట్టాన్ని జీర్ణాశయంలోకి పంపి చూశాడు. అటువంటి గొట్టాన్ని సామాన్యుడు మింగలేడు. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ సన్నని గాజుపోగులతో చేసిన, వంగే గొట్టాన్ని రూపొందించి ఆ కష్టాన్ని తొలగించాడు. నేటి ఎండోస్కోపీకి అది పునాది. 1969లో న్యూయార్కులో విలియం వుల్ఫ్, హిరోమీ షిన్యా అనే వైద్యులు పెద్దప్రేగులోని పాలిప్‌ను, పొట్ట కోయకుండానే, గొట్టం ద్వారా పంపిన తీగ ఉచ్చుతో తొలగించారు. వ్యాధిని చూడడానికి పుట్టిన పరికరం వ్యాధిని నివారించే సాధనంగా కూడా మారింది. హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి ఎండోస్కోపీ రంగంలో ప్రపంచఖ్యాతి గడించారు. ఆయనను 2025లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

జీర్ణాశయంలో పుండు పడడానికి కారం, పులుపు, మనోవ్యథ కారణాలని వైద్యలోకం సైతం చిరకాలం నమ్మింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు ఈ నమ్మకాన్ని ప్రశ్నించారు. రోగుల జీర్ణాశయపు పొరలో వంకర తిరిగిన సూక్ష్మజీవులను గమనించి, 1982లో వాటిని ప్రయోగశాలలో పెంచగలిగారు. తీక్షణమైన ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని పలువురు ఆ మాటను తోసిపుచ్చారు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులు కలిపిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్దిరోజులలోనే ఆయనకు వాంతులు మొదలయ్యాయి. పరీక్షలో జీర్ణాశయపు పొర వాచినట్లు తేలింది. హెలికోబాక్టర్ పైలోరీ అనే ఆ సూక్ష్మజీవి కనుగొన్నందుకు ఆ ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి లభించింది. అది జీర్ణాశయ క్యాన్సరుకు కూడా కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ప్రకటించింది. నేడు శ్వాస పరీక్షతోనో, మల పరీక్షతోనో, ఎండోస్కోపీతోనో దానిని గుర్తించి, సుమారు రెండు వారాల మందులతో నిర్మూలించవచ్చు. ఏళ్ళ తరబడి అనుభవించవలసిన బాధ కొన్నాళ్ళ చికిత్సతో తొలగిపోతుంది.

జీర్ణాశయపు పుండుకు మరొక ముఖ్యకారణం నొప్పి మాత్రలు. కీళ్ళనొప్పి, నడుమునొప్పి అంటూ డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలను వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి వాడేవారున్నారు. ఆ మాత్రలు జీర్ణాశయపు రక్షణపొరను బలహీనపరుస్తాయి. ఒక్కొక్కప్పుడు ముందస్తు నొప్పి లేకుండానే పుండు నుండి రక్తస్రావం జరుగుతుంది. మలం తారులా నల్లగా రావడం దానికి గుర్తు. గుండెల్లో మంటకు, పుల్లని త్రేన్పులకు "గ్యాస్ మాత్ర" అని అడిగి మందుల దుకాణంలో కొనుక్కోవడం మరొక అలవాటు. మాత్ర మంటను అణచుతుందేగాని మంటకు కారణమేమిటో చెప్పదు. మంట చల్లారింది గదా అని ఊరుకుంటే దాని వెనుక ఉన్న వ్యాధి అలాగే మిగిలిపోవచ్చు.

కాలేయం విషయంలో ఈ పొరపాటు మరింత ఖరీదైనది. కళ్ళు, మూత్రం పచ్చబడగానే పసరు మందు కోసం పరుగెత్తడం పల్లెలలోనే గాక పట్టణాలలోనూ ఉన్నదే. కలుషిత జలం ద్వారా, ఆహారం ద్వారా వ్యాపించే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరసుల వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. కాని కామెర్లు ఒక వ్యాధి పేరు కాదు, అనేక వ్యాధులకు లక్షణం. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, కణితి ఏర్పడినా, హెపటైటిస్-బి సోకినా కళ్ళు ఒకే తీరున పచ్చబడతాయి. గర్భిణులలో హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు. అందుచేత ఏ కామెర్లో తెలుసుకోకుండా పసరుతో గడిపే ప్రతిరోజూ చికిత్సకు దూరమయ్యే రోజే.

హెపటైటిస్-బి వైరస్ రక్తం ద్వారా, శుభ్రపరచని సూదుల ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. పసితనంలో సోకినవారిలో అత్యధికుల శరీరంలో అది స్థిరపడి, ఏ లక్షణమూ చూపకుండా దశాబ్దాలపాటు కాలేయాన్ని తొలిచి, చివరకు సిరోసిస్‌కో, క్యాన్సరుకో దారితీయవచ్చు. దీనిని అడ్డుకునే టీకా ఉన్నది. ఒకప్పుడు విదేశాల నుండి దిగుమతి అయ్యే ఆ టీకా సామాన్యునికి అందనంత ఖరీదుగా ఉండేది. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దానిని జన్యు పునస్సంయోజన విధానంలో దేశంలోనే తొలిసారిగా తయారుచేసి తక్కువ ధరకు అందించింది. ఆ సంస్థ వ్యవస్థాపకులు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి. 2011 నాటికి ఈ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమం ద్వారా దేశమంతటికీ విస్తరించింది. బిడ్డ పుట్టిన 24 గంటలలోగా మొదటి మోతాదు వేయించడం అత్యవసరం. హెపటైటిస్-సికి టీకా లేదు. అయితే దానిని సకాలంలో గుర్తిస్తే, నోటి ద్వారా తీసుకునే మందులతో సాధారణంగా మూడు నెలలలోనే నయం చేయవచ్చు.

నేటి జీవనశైలి కాలేయానికి తెచ్చిన మరొక ముప్పు కొవ్వు పేరుకోవడం. మద్యం ముట్టనివారిలోనూ అధికబరువు, మధుమేహం, కదలిక లేని జీవితం వల్ల ఇది వస్తుంది. 2021లో భారత ప్రభుత్వం దీని నివారణను అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. నడుము చుట్టుకొలత పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. అధికబరువున్నవారు తమ బరువులో 7 నుండి 10 శాతం తగ్గించుకుంటే కాలేయంలోని కొవ్వు, వాపు గణనీయంగా తగ్గుతాయి. మద్యం సేవించేవారికి మాత్రం దానిని మానడమే మొదటి మందు.

ప్రేగుల వ్యాధులు తెలుగువారి చరిత్రలో ఒక గొప్ప శాస్త్రవేత్త జీవితంతో పెనవేసుకున్నాయి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే ప్రేగుల వ్యాధితో కన్నుమూశారు. తిన్న ఆహారం ఒంటబట్టక మనిషి క్షీణించిపోయే వ్యాధి అది. సుబ్బారావు కూడా ఆ వ్యాధి బారినపడి, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బయటపడ్డారు. తరువాత అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ చికిత్సకు అది దివ్యౌషధమైంది. తన సోదరులకు అందని మందును ఆయన లోకానికి అందించారు.

ప్రేగులకు సోకే అంటువ్యాధులలో అధికభాగం నీటి ద్వారా, చేతుల ద్వారా వస్తాయి. మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చిన తరువాత, వంటకు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, కాచి చల్లార్చిన నీరు తాగడం ఖర్చులేని రక్షణలు. పసిపిల్లల విరేచనాలకు ముఖ్యకారణమైన రోటా వైరసుకు టీకా ఉన్నది. 2016లో దానిని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. విరేచనాలు పట్టుకున్నప్పుడు ప్రాణం తీసేది శరీరం నీటిని కోల్పోవడం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన నీటిని తాగించి మరణాలను దాదాపు 30 శాతం నుండి 4 శాతం లోపుకు తగ్గించారు. నేడు ప్రతి ఆరోగ్య కేంద్రంలో లభించే ఓ.ఆర్.ఎస్. పొట్లం విలువను ఆ అనుభవం లోకానికి చాటింది.

ఇక ఆహారం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలి. ఉప్పు 5 గ్రాములకు మించరాదు. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో పీచుపదార్థం తక్కువ. దంపుడు బియ్యం, జొన్నలు, రాగులు, పప్పులు, ఆకుకూరలు ఆ లోటు తీరుస్తాయి. పచ్చళ్ళు, అప్పడాలు రుచికే పరిమితం కావాలిగాని కూరకు బదులు కారాదు. పొగాకు ఏ రూపంలో ఉన్నా నోటి నుండి క్లోమం వరకు హాని చేస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వైద్యుని అవసరం తీరిపోదు. మింగడం కష్టమైనప్పుడు, కారణం లేకుండా బరువు తగ్గినప్పుడు, మలంలో రక్తం కనిపించినప్పుడు, మలవిసర్జన అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నప్పుడు, రక్తహీనతకు కారణం తెలియనప్పుడు, కామెర్లు వచ్చినప్పుడు నిపుణుణ్ణి వెంటనే కలవాలి. ఏ బాధా లేనివారిలోనూ కొందరికి పరీక్షలు అవసరం. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో పెద్దప్రేగు క్యాన్సర్ వచ్చినవారు, కుటుంబంలో హెపటైటిస్-బి ఉన్నవారు, దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారు అటువంటివారు. అమెరికాలో 2021 నుండి 45 సంవత్సరాలు నిండిన వారందరికీ పెద్దప్రేగు క్యాన్సర్ పరీక్షను సిఫార్సు చేస్తున్నారు. అయితే అన్ని పరీక్షలూ అందరికీ అవసరం కావు. ఎవరికి ఏది ఎప్పుడు కావాలో వయస్సును, కుటుంబ చరిత్రను, అలవాట్లను విచారించి వైద్యుడు నిర్ణయిస్తాడు. మలం గురించి మాట్లాడడానికి సిగ్గుపడి నిజం దాచినవారు ఆ నిర్ణయాన్ని తప్పుదారి పట్టించినవారవుతారు. మంచి వైద్యునికి మొదటి పరికరం ఎండోస్కోపు కాదు, రోగి దాపరికం లేకుండా చెప్పే మాట.

వైద్యుణ్ణి రోగం వచ్చాక వెతుక్కునే ఆప్తుడిగా భావించడం అలవాటైపోయింది. రోగం రాకముందే సలహా చెప్పే ఆప్తుడిగా భావించిననాడు ఆయన విద్య పూర్తిగా సార్థకమవుతుంది. తొలగించిన ఒక చిన్న పాలిప్, సకాలంలో వేయించిన ఒక టీకా, మానుకున్న ఒక చెడు అలవాటు ఎవరి కంటికీ కనిపించవు. వాటివల్ల తప్పిన ఆపదను ఎవరూ లెక్కకట్టరు. అయినా ఒక ఇంటి పెద్ద పదికాలాలపాటు తనవారి నడుమ కూర్చుని భోజనం చేయగలగడం వెనుక అటువంటి కనిపించని రక్షణలే ఉంటాయి. "భోజనం అయిందా?" అన్న ఆప్యాయమైన ప్రశ్నకు ఏళ్ళ తరబడి సంతోషంగా సమాధానం చెప్పగలగడమే ఆ ముందుచూపుకు దక్కే ఫలం.