తలపాగాతో పోయిన గండం

కారు ప్రమాదం కబురు ఇప్పుడు చాలా ఇళ్లకు ఒకే మాటతో చేరుతుంది: “అమ్మా, కంగారుపడకు.” కంగారు అక్కడే మొదలవుతుంది. ఫోన్ చేసినవాడు చెట్టంత కొడుకు, ఉద్యోగస్థుడు, బిడ్డల తండ్రి అయినా సరే, ఆ క్షణంలో తల్లికి గడప తగిలి బోర్లాపడ్డ పసివాడే. “నాకేం కాలేదు” అంటే నమ్మదు. వీడియో కాల్ చేయమంటుంది. చెయ్యి ఎత్తమంటుంది, తల అటూ ఇటూ తిప్పమంటుంది, చొక్కా మీద ఆ మరకేమిటని అడుగుతుంది. కొడుకున్నది మూడొందల కిలోమీటర్ల అవతలైనా, వెనకాల తండ్రి చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు.

చెడు కబురు చెవిన పడగానే మెదడులోని హైపోథాలమస్ హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది. పరిగెత్తడానికో తలపడడానికో ఒళ్లు సిద్ధమవుతుంది గానీ, ఫోన్ పట్టుకున్న మనిషి ఎక్కడికని పరిగెత్తాలి? చేతులు వణకడం, కూర్చోలేక నిలబడలేక ఇల్లంతా తిరగడం దాని చలవే.

కాస్త కుదుటపడేసరికి వాట్సాప్‌లో కారు ఫొటో వస్తుంది. ముందు భాగం అప్పడంలా నలిగి ఉంటుంది. అందులోంచి మనిషి నడుచుకుంటూ బయటికొచ్చాడంటే నమ్మబుద్ధి కాదు. నిజానికి అలా నలగడం కారు చేయాల్సిన పనే. మెర్సిడెస్ బెంజ్ ఇంజనీరు బేలా బారెన్యీ ఈ ఆలోచనకు 1952లో పేటెంట్ పొందాడు. మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, దానికి ముందూ వెనకా ఉన్న భాగాలు నలిగిపోవాలి. నలగడానికి పట్టే ఆ రెప్పపాటే ఢీకొన్న అదురును పలచన చేస్తుంది. కారు ఇనప్పెట్టెలా చెక్కుచెదరకుండా ఉంటే ఆ అదురంతా లోపలివాళ్ల ఎముకలకే తగులుతుంది. వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో తెచ్చిన సీటు బెల్టు, ఛాతీకీ నడుముకీ కలిపి వేసుకునేది, మనిషిని ఆ గట్టి గదిలోనే పట్టి ఉంచుతుంది. తలకొచ్చింది తలపాగాతో పోయిందని పెద్దలనే మాట ఇక్కడ అక్షరాలా నిజం. వెనక సీట్లో బెల్టు ఎందుకులే అనే మన ధీమాకు మాత్రం ఏ తలపాగా లేదు.

ప్రాణం లేచొచ్చాక చాలాసార్లు ముందు వచ్చేది కోపం. “రాత్రిపూట బయల్దేరొద్దని ఎన్నిసార్లు చెప్పాను!” ఒంట్లో ఎగదన్నిన ఉద్రేకం దిగడానికి సమయం పడుతుంది. అది తిట్లుగానో ఏడుపుగానో పోతుంది. కొడుకు ఇల్లు చేరితే గుమ్మంలోనే ఆపి ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు, ఆ చల్లటి క్షణంలో గానీ తల్లి చేతి వణుకు ఆగదు.

అదే అడ్రినలిన్ కొడుకు ఒంట్లో నొప్పిని కప్పేస్తుంది. అతడి “నాకేం కాలేదు” అబద్ధం కాకపోయినా తొందరపాటు. మెడ పట్టేసిన సంగతి మర్నాటికి గానీ తెలియకపోవచ్చు. తలకు దెబ్బ తగిలితే పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరే వీలుంది. తలనొప్పి పెరగడం, వాంతులు, మగత, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బెల్టు ఒరుసుకున్న చోట పొట్ట మీద కమిలిన చార ఉంటే లోపల పేగులకూ ప్లీహానికీ గాయమైందేమో డాక్టరు చూడాలి. గంటకోసారి “ఎలా ఉందిరా” అని విసిగించే తల్లి ఆత్రం ఈ ఒకటి రెండు రోజులూ వైద్యానికి పనికొచ్చే కాపలా.

చాలామందిలో ఈ భయం వారాల్లో సద్దుమణుగుతుంది. కొందరిలో పోదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతారు, ఒకే కల మళ్లీ మళ్లీ వస్తుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం ప్రకారం, పీటీఎస్‌డీ అనే మానసిక గాయానికి ప్రమాదాన్ని కళ్లారా చూసి ఉండనక్కర్లేదు, అయినవాళ్లకు అలాంటిది జరిగిందని వినడం కూడా కారణం కావచ్చు. ఈ లక్షణాలు నెల దాటినా వదలకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి, కారు నడిపిన కొడుకుతో పాటు ఫోన్ ఎత్తిన తల్లినీ.