ఒక చాప... ఒక పాప... పదిహేను నిమిషాలు!

జిమ్‌కి డబ్బుల్లేవు. టైమ్ అసలే లేదు. చేతిలో ఉద్యోగం, ఇంట్లో చిన్నపాప, చూసుకునే మనిషిని నేనొక్కదాన్నే. ఇలాంటి ఇంట్లో వ్యాయామం ఎలా కుదిరిందో చెబుతాను. ప్లేస్‌మెంట్లు, పోటీ పరీక్షల హడావుడిలో ఉన్న మీకు ఇది రేపటికన్నా ఈరోజే ఎక్కువ పనికొస్తుంది.

పోయినేడాది వర్షాకాలంలో ఓ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోయింది. మాది నాలుగో అంతస్తు. ఒక భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, ఇంకో భుజాన నిద్రపోతున్న నా నాలుగేళ్ల పాప. రెండో అంతస్తుకే గుండె దడదడ మొదలైంది. మూడో అంతస్తు దగ్గర నడుం పట్టేసి మెట్ల మీదే కూలబడ్డాను. చేసేదేం లేక పాపను లేపి, చెయ్యి పట్టుకుని నడిపించా. అది ఏడ్చుకుంటూ ఎక్కింది. ఇంట్లోకొచ్చాక అడిగింది: ‘అమ్మా, నీకు జ్వరమా?’ అని.

జ్వరం కాదు. అప్పటికి నాకు 28 ఏళ్లు. ఏ జబ్బూ లేదు. ఏడేళ్లుగా కుర్చీలో కూర్చుని పనిచేయడం తప్ప ఒంటికి ఏ కదలికా లేదు, అంతే.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నేనూ మీలాగే ఉండేదాన్ని. పొద్దున ఆప్టిట్యూడ్, రాత్రి కోడింగ్, మధ్యలో టీలు, సమోసాలు. ‘ముందు జాబ్ రానీ, తర్వాత జిమ్‌లో చేరదాం’ అనుకున్నా. జాబ్ వచ్చింది, దాంతోపాటు నైట్ షిఫ్టులూ వచ్చాయి. ఆ తర్వాత పెళ్లి, పాప, ఉద్యోగంలో గ్యాప్. మేం విడిపోయాక చిన్న కాంట్రాక్టు ఉద్యోగంతో మళ్లీ మొదలుపెట్టా. ఇన్నేళ్లలో నేను అనుకున్న ఆ ‘తర్వాత’ ఒక్కసారి కూడా రాలేదు. మీకు ఇప్పుడు టైమ్ లేదనిపిస్తోంది కదా! నమ్మండి, ఇక ముందు ఉండబోయే దానికన్నా ఇప్పుడే ఎక్కువ ఉంది.

ఎంత చేస్తే చాలు?

జిమ్ గురించి ఆలోచించకపోలేదు. మా వీధి చివర జిమ్‌లో నెలకు పదిహేను వందలన్నారు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ గంటసేపు పాపను ఎవరి దగ్గర వదలాలి? అమ్మావాళ్లది ఖమ్మం దగ్గర పల్లె. పక్కింటి ఆంటీని అత్యవసరమైతే అడగొచ్చు గానీ రోజూ అడిగితే బాగోదు. కాబట్టి ఏం చేసినా ఇంట్లోనే, పాప ఎదుటే చేయాలి.

ఇంజినీర్లం కదా, ఏ పనైనా ముందు రిక్వైర్‌మెంట్ ఏంటో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. దాంతోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలూ ఉండాలి. ‘ఓ మోస్తరు’ అంటే ఏంటో తెలుసుకోవడం సులువే. ఆ పని చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

నాకు బాగా పనికొచ్చిన విషయం ఇంకోటుంది. అంతకుముందు మార్గదర్శకాల్లో ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలనే నియమం ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. అంటే ఐదు నిమిషాలు చేసినా లెక్కలోకి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో పది నిమిషాలు ఏకధాటిగా దొరకడం ఎంత కష్టమో మీ అమ్మను అడగండి, చెబుతుంది!

ఇది నా ఒక్కదాని సమస్యా కాదు. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది తగినంత శారీరక శ్రమ చేయడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ.

టైమ్ ఎక్కడ దొరికింది?

ఒక వారం పాటు నా రోజంతా ఫోన్లో రాసుకున్నా. ఎప్పుడు లేచాను, ఎక్కడ ఎంతసేపు గడిపాను... అన్నీ అరగంట గళ్లలో. ఖాళీ గంట ఒక్కటీ దొరకలేదు. ముక్కలు మాత్రం మూడు దొరికాయి.

* పొద్దున 5:45 నుంచి 6:00: పాప లేవకముందు. వారంలో మూడు రోజులు బలాన్నిచ్చే వ్యాయామాలకు.
* స్కూలు బస్సు ఎక్కించాక 15 నిమిషాలు: ఇంటికి దగ్గరి దారిలో కాకుండా చుట్టుతిరిగి వేగంగా నడక. ఆఫీసు ఉన్న రోజు మెట్రో స్టేషన్‌కి ఆటో బదులు ఇదే నడక.
* సాయంత్రం 7 గంటలకు 15 నిమిషాలు: పాపతో ఆట. తాడాట, తొక్కుడు బిళ్ల, పాట పెట్టుకుని గంతులు.

రెండు, మూడో ముక్కలు కలిపితే రోజుకు అరగంట. వారంలో ఐదు రోజులకు 150 నిమిషాలు. పొద్దుటి 15 నిమిషాలు దీనికి అదనం. మూడు ముక్కల్లో కొత్తగా కేటాయించింది పొద్దుటిది ఒక్కటే. మిగతా రెండూ ఎలాగూ చేయాల్సిన పనులే, చేసే తీరు మార్చుకున్నానంతే.

మీరూ ఓ వారం ఇలా రాసి చూడండి. హాస్టల్లో బాత్రూమ్ లైన్, కోచింగ్‌కి వెళ్లే బస్సు, భోజనం తర్వాత రీల్స్... మీ ముక్కలు మీకు దొరుకుతాయి.

ఖర్చెంత?

స్కిప్పింగ్ తాడు 150, చాప లాంటి మ్యాట్ 400. మొత్తం 550 రూపాయలు. మ్యాట్ కూడా లేకపోయినా నడుస్తుంది, దళసరి దుప్పటి రెండు మడతలు వేస్తే సరి. డంబెల్స్ కొనలేదు. లీటరు నీళ్ల సీసా అంటే దాదాపు కిలో బరువు. బ్యాక్‌ప్యాక్‌లో పాత ఇంజినీరింగ్ పుస్తకాలు సర్దితే ఐదారు కిలోలు తేలిగ్గా వస్తుంది. నాలుగేళ్లు తెరవని పుస్తకాలకు అలా ఓ ప్రయోజనం దొరికింది.

పదిహేను నిమిషాల్లో ఏం చేయాలి?

ఐదు వ్యాయామాలు. ఒక్కోటి 40 సెకన్లు చేసి 20 సెకన్లు ఆగాలి. ఐదూ అయితే ఒక రౌండ్, ఐదు నిమిషాలు. మూడు రౌండ్లకు పదిహేను. ఫోన్లో టైమర్ చాలు, డబ్బు కట్టే యాప్ ఏదీ అక్కర్లేదు.

1. బస్కీలు: కొత్తవాళ్లు వెనక కుర్చీ పెట్టుకోండి. కూర్చున్నట్టు కిందికి దిగి, సీటు తగలగానే లేవండి.
2. దండీలు: మొదట గోడకు చేతులానించి చేయండి. అలవాటయ్యాక బల్ల అంచు మీద, ఆ తర్వాతే నేల మీద. నేల మీద సరిగ్గా ఒక్క దండీ తీయడానికి నాకు పదకొండు వారాలు పట్టింది.
3. బ్యాగు లాగడం: నడుం దగ్గర కొంచెం ముందుకు వంగి, వీపు నిటారుగా ఉంచి, పుస్తకాల బ్యాగును పొట్ట వైపు లాగాలి. ల్యాప్‌టాప్ ముందు వంగిపోయే భుజాలకు ఇది మంచి పని చెబుతుంది.
4. బ్రిడ్జ్: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుం పైకి లేపి దించడం.
5. ప్లాంక్: మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని కర్రలా నిలపడం. 40 సెకన్లు ఆగలేకపోతే పదితో మొదలుపెట్టండి.

తేలికైపోయిందనిపిస్తే బ్యాగులో ఇంకో పుస్తకం వేయండి, లేదా ఒక బస్కీ పెంచండి. మొదటి వారం కండరాల నొప్పులు మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. కీళ్లలో పోట్లు, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం మాత్రం మామూలు కాదు. వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నడుం పట్టేసింది కాబట్టి నేనూ ముందు డాక్టర్‌కి చూపించుకునే మొదలుపెట్టా.

పోలీసు, రక్షణ ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నవాళ్లకు ఇది సరిపోదు. ఆ ఉద్యోగాలకు పరుగు పరీక్ష ఉంటుంది కాబట్టి గ్రౌండ్‌కి వెళ్లాల్సిందే. నోటిఫికేషన్ వచ్చే వరకూ ఆగకండి. ఈ ఐదూ చేస్తూ ఉంటే పరుగు మొదలుపెట్టే రోజుకు కాళ్లు, నడుం కాస్త గట్టిపడి ఉంటాయి.

నా స్కోరు 60 శాతం

అన్నీ సాఫీగా జరిగాయనుకుంటే పొరపాటు. నేను బస్కీలు తీస్తుంటే పాప లేచి వచ్చి మెడకు వేలాడేది. మొదట్లో విసుగొచ్చి ఓసారి గట్టిగా అరిచాను కూడా. తర్వాత లెక్కపెట్టే పని దానికే అప్పగించా. పదమూడు తర్వాత పదిహేను అంటుంది, ఫర్వాలేదు, నాకే ఒకటి తగ్గుతుంది! దానికి జ్వరమొచ్చిన వారం ఒక్కరోజూ చేయలేదు. రాత్రంతా మేలుకున్న మర్నాడు అలారం ఆపేసి పడుకున్నా. నిద్ర చాలని రోజు నిద్రకే మొదటి ఓటు. మీకూ అదే చెబుతాను. రోజుకు ఏడు గంటల నిద్రను కోసి వ్యాయామానికి ఇవ్వొద్దు.

ఫ్రిజ్ మీద క్యాలెండర్ పెట్టి, చేసిన రోజు టిక్కు పెట్టేదాన్ని. మూడు ముక్కల్లో ఏ ఒక్కటి చేసినా టిక్కే. మొదటి 12 వారాల్లో 84 రోజులకు 51 టిక్కులొచ్చాయి. అంటే 60 శాతం పైనే. మన యూనివర్సిటీ లెక్కలో ఫస్ట్ క్లాస్ కదా! ఒకరోజు తప్పితే ‘ఇక అయిపోయింది’ అనుకుని వదిలేయడం మనలో చాలామందికి అలవాటు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎలాంటి రోజైనా పది బస్కీలు. అవి అయ్యాక ఓపిక ఉంటే మిగతావి. లేకపోతే పడక.

ఉద్యోగం లేని రోజుల్లో...

మొదలుపెట్టిన ఐదు నెలలకు నా కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. మళ్లీ రెజ్యూమెలు, మళ్లీ ఇంటర్వ్యూలు. అద్దె, స్కూలు ఫీజు గుర్తొస్తే రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. మీలో చాలామందికి ఈ స్థితి తెలుసు. లేవాల్సిన పని లేకపోతే తొమ్మిదింటికి లేస్తాం, మధ్యాహ్నం దాకా ఫోన్ చూస్తాం, సాయంత్రానికి మన మీద మనకే చిరాకు.

ఆ రెండు నెలలు నన్ను మంచం మీద నుంచి లేపింది ఆ 5:45 అలారమే. ఆరింటికల్లా ఒక పని పూర్తయ్యేది. ఏ కంపెనీ నుంచి ఏ మెయిలూ రాకపోయినా, క్యాలెండర్ మీద ఆ రోజుకో టిక్కు పడేది. చదువునూ అలాగే ముక్కలు చేశా. 25 నిమిషాలు ఎస్‌క్యూఎల్, లేచి ఐదు నిమిషాలు నడక, మళ్లీ 25 నిమిషాలు టెస్టింగ్ ప్రశ్నలు.

ఒక ఇంటర్వ్యూలో ‘చిన్నపాప ఉంది, ఒక్కరే ఉంటున్నారు, డెడ్‌లైన్లు ఎలా మేనేజ్ చేస్తారు?’ అని అడిగారు. పిల్లల తండ్రుల్ని ఈ ప్రశ్న అడుగుతారా అని లోపల మండింది. తడబడ్డాను, ఆ ఉద్యోగం రాలేదు. ఇంకో చోట ఇలాంటిదే అడిగినప్పుడు కుదురుగా చెప్పా. ఏడు నెలలుగా నా రోజును ఎలా నడుపుతున్నానో, ఏది తప్పినా మర్నాడు ఎక్కడ సర్దుతానో వివరించా. టెక్నికల్ రౌండ్ బాగా చేశాను కాబట్టి ఉద్యోగం వచ్చింది, బస్కీలు తీసినందుకు కాదు. కానీ ఆరోజు మూడు రౌండ్లు, ఐదు గంటలు నడుం నొప్పి లేకుండా నిటారుగా కూర్చోగలిగాను. అంతకు ముందు ఏడాదైతే రెండో రౌండ్‌కే దిండు అడిగేదాన్నేమో.

‘మీ గురించి చెప్పండి’ అన్నప్పుడు ‘నేను క్రమశిక్షణ గల వ్యక్తిని’ అని అందరూ అంటారు. ఆ మాటకు మీ జీవితంలోంచి ఒక ఉదాహరణ ఉంటే చెప్పడం తేలిక. మూడు నెలల టిక్కులున్న క్యాలెండర్ అలాంటిదే.

ఈరోజే మొదలుపెట్టాలంటే...

* రోజూ మానకుండా చేసే ఒక పనిని ఎంచుకోండి. పళ్లు తోముకోవడం, టీ కాచుకోవడం ఏదైనా సరే. దాని వెంటనే పది బస్కీలు తీయండి.
* పుస్తకాల బ్యాగు, దుప్పటి రాత్రే ఒక మూల సిద్ధంగా పెట్టుకోండి.
* గోడ మీద క్యాలెండర్, పక్కన పెన్ను. టిక్కు చేత్తోనే పెట్టండి.
* మొదటి నెల ఏమీ కొనకండి. 20 టిక్కులొచ్చాకే స్కిప్పింగ్ తాడు.
* ఇంట్లో తమ్ముడో, చెల్లో ఉంటే లెక్కపెట్టమనండి. అమ్మను నడకకు రమ్మని పిలవండి. ఆవిడకూ ఇన్నాళ్లూ ఎవరూ ఆ పదిహేను నిమిషాలు ఇచ్చి ఉండరు.

పోయిన నెల మా లిఫ్ట్ మళ్లీ ఆగింది. పాపకు ఇప్పుడు ఐదేళ్లు, బరువు పెరిగింది. నిద్రలోనే ఎత్తుకుని నాలుగు అంతస్తులూ ఎక్కాను. ఆయాసం రాలేదని చెప్పను, వచ్చింది. తలుపు తీసి మంచం మీద పడుకోబెట్టేదాకా అది కళ్లు తెరవలేదు.