వ్యాధి తగ్గింది, మరి మనసు?

ఆదివారపు ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్తున్నారు. ఒక సహోదరి మాత్రం గుడి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యింది, కరెంటు పెట్టించుకున్నది, పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టర్లు చెప్పి రెండేళ్లు దాటింది. "అయ్యగారూ, రోగమైతే పోయింది. నేనేం పాపం చేసిన్నో ఇప్పటికీ సమజైతలేదు" అని కన్నీళ్లు పెట్టుకున్నది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల సంఘాలలో తిరిగే మాకు ఈ మాట కొత్తది కాదు.

పెద్దలు రాచపుండు అని పిలిచిన ఈ వ్యాధి చుట్టూ మన పల్లెల్లో ఎన్నో నమ్మకాలున్నాయి. పాపఫలమని ఒకరు, బాణామతి అని మరొకరు అంటారు. ముక్క తీసి పరీక్ష చేస్తే ముదురుతుందని భయపడి ఆలస్యం చేసేవారున్నారు. అంటుకుంటుందని కంచం, గ్లాసు వేరు పెట్టిన ఇండ్లూ ఉన్నాయి.

ప్రియ పాఠకులారా, క్యాన్సర్ అంటువ్యాధి కాదు. మన శరీరంలోని కణాలే అదుపు తప్పి పెరగడం వలన అది వస్తుంది. పొగాకు దానికి ఒక పెద్ద కారణం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్.పి.వి. అనే వైరస్. ఆ వైరస్ ఒకరి నుండి ఒకరికి సోకుతుంది గాని, క్యాన్సర్ సోకదు. జీవితంలో ఎప్పుడో ఒకసారి చాలామందికి ఆ వైరస్ సోకి దానంతటదే పోతుంది. కనుక అది ఏ స్త్రీ నడతకూ గుర్తు కాదు. ఫలానా మనిషికే ఈ వ్యాధి ఎందుకు వచ్చిందో అనేకసార్లు డాక్టర్లు కూడా చెప్పలేరు.

అయినా మనిషి మనసు కారణం వెదకకుండా ఉండదు. రోగి తన వ్యాధిని ఎలా అర్థం చేసుకుంటాడో దానిని బట్టే నడుచుకుంటాడని 1980లో హోవర్డ్ లెవెంతాల్, ఆయన తోటి పరిశోధకులు వివరించారు. 2003లో బ్రిటన్ పరిశోధకులు పలు వ్యాధుల మీద జరిగిన 45 అధ్యయనాలను కలిపి చూశారు. తమ వ్యాధి కొంతైనా అదుపులో ఉన్నదని నమ్మేవారి మనసు మెరుగ్గా ఉన్నదనీ, ఇక అంతా పోయిందనుకునేవారు ఎక్కువగా క్రుంగిపోతున్నారనీ తేలింది. దేవుడు తనను శిక్షిస్తున్నాడనో, విడిచిపెట్టాడనో తలంచేవారికి వేదన ఎక్కువగా ఉంటున్నదనీ, దేవుడు తోడున్నాడని నమ్మేవారికి ఊరట దొరుకుతున్నదనీ కెన్నెత్ పర్గమెంట్ మొదలైనవారి పరిశోధనలు చూపాయి. మంచి నమ్మకం ఉంటే గడ్డ కరిగిపోతుందని దీని అర్థం కాదు. గడ్డకు వైద్యం కావాలి. మనసుకు నమ్మకం కావాలి.

గ్రుడ్డివాడిగా పుట్టిన మనుష్యుని చూచి, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగారు. అతడు గాని, అతని తలిదండ్రులు గాని కాదని ప్రభువు తేల్చి చెప్పాడు (యోహాను 9). యోబు స్నేహితులు ఏడు దినాలు మౌనంగా ప్రక్కన కూర్చున్నంత కాలం ఆదరణగా ఉన్నారు. నోరు తెరచి కారణాలు చెప్పడం మొదలుపెట్టినప్పుడే గాయపరిచారు. హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కూడా కట్టించుకున్నాడు. ప్రార్థనకూ మందుకూ పోరు లేదు.

మన పొరుగు జిల్లా నిజామాబాదులోని డిచ్‌పల్లిని తలచుకోండి. కుష్ఠును శాపమని ఊరి బయటికి నెట్టిన రోజులవి. డాక్టర్ ఇసబెల్ కెర్ అక్కడ ఆ రోగులను చేరదీసి వైద్యం చేసింది. శాపమన్న రోగానికి ఇప్పుడు మందున్నది. క్యాన్సర్ విషయంలో మనమూ ఆ మార్గమే పట్టాలి.

మనలో ఒక పొరపాటున్నది. బాగైనవారిని సాక్ష్యం చెప్పమని ముందు నిలబెడతాం, వారి భయం చెప్పుకోవడానికి చోటివ్వం. పరీక్షకు వెళ్లే ముందురాత్రి నిద్ర పట్టకపోవడం అవిశ్వాసం కాదు. వ్యాధి తిరిగి వచ్చినా అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. "నీకు విశ్వాసముంటే రాదు" అనే మాట బలహీనుని మీద మరో బరువు మోపుతుంది. "నయమైంది, ఇక పరీక్షలెందుకు" అనే మాట ప్రాణాపాయం.

కాబట్టి ఈ నెలలో మీ సంఘంలో క్యాన్సర్ నుండి బయటపడినవారి ఇంటికి వెళ్లండి. ఎందుకు వచ్చిందని అడగకండి. వారి ఇంట నీళ్లు త్రాగండి, వారి కంచం ప్రక్కనే కూర్చుండి భోంచేయండి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పరీక్షకు వెళ్లాలంటే కాగజ్‌నగర్ నుండైనా, జగిత్యాల నుండైనా ఒంటరి ప్రయాణం కష్టం. మీ ఇంట్లో ఒకరు తోడు వెళ్లండి.

గుమ్మం దగ్గర నిలబడిన ఆ సహోదరికి మేము పెద్ద ప్రసంగం చేయలేదు. "అక్కా, ఇది శిక్ష కాదు" అని మాత్రం చెప్పి ఆమెతో కూర్చున్నాం. చాలాసేపటికి ఆమె, "ఈ మాట ఇన్నొద్దులు ఎవ్వరూ చెప్పలేదు" అన్నది. ఆ మాట మన సంఘాలలో ఏ రోగియు వినకుండా ఉండకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.